‘చెయ్యి పట్టుకున్నాడు’ అంటే ఏ సెక్షన్?

మన పల్లెల్లో చాలామంది ఆడవాళ్లు తమకు జరిగిన ఘోరాన్ని ఉన్నదున్నట్టు నోటితో చెప్పరు. ‘చెయ్యి పట్టుకున్నాడు’ అంటారు, ‘పాడు చేశాడు’ అంటారు. పక్కింటి పెద్దమ్మకు ఆ ముక్క చాలు, మిగతాది అర్థమైపోతుంది. పోలీస్ స్టేషన్‌లో రైటర్ మాత్రం విన్నది విన్నట్టే రాసుకుంటాడు. చెయ్యి పట్టుకోవడమంటే భారతీయ న్యాయ సంహితలో 74వ సెక్షన్, ఏడాది నుంచి ఐదేళ్ల శిక్ష. ఆమె చెప్పలేకపోయింది అత్యాచారం, అది 64వ సెక్షన్, కనీసం పదేళ్లు. రేపు కోర్టులో ధైర్యం తెచ్చుకుని అసలు సంగతి చెబితే, ‘ఫిర్యాదులో లేనిది ఇప్పుడెలా వచ్చింది?’ అని డిఫెన్సు లాయర్ నిలదీస్తాడు. ఒక్క మాట సరిగా వినకపోతే కేసే మారిపోతుంది.

బాధితులకు మన దగ్గర ఏమీ లేదని అనను. బాధిత మహిళలకు సాయం చేసే సఖి కేంద్రాలున్నాయి. హైదరాబాద్‌లో 2016లో మొదలైన భరోసా కేంద్రం వైద్యం, కౌన్సెలింగ్, న్యాయ సాయం ఒకేచోట అందిస్తోంది. మంచి పని. నేను అడిగేది ఒక్కటే. బాధితురాలి మాట, అలవాటు, భయం తెలిసిన మనిషి ఆమె పక్కన కూర్చోవాలి. ఆ మనిషికి నెలనెలా జీతం ఉండాలి.

ఆ మధ్య ఏజెన్సీలోని ఒక ఆస్పత్రిలో నేను కళ్లారా చూసిన సంగతి ఇది. బెంచీ చివర ఒక ఆదివాసీ మహిళ ఒడిలో మూట పట్టుకుని కూర్చుంది. ఏ తేదీన జరిగిందని అడిగారు. ‘సంత ముందు రోజు’ అంది. ఎన్నింటికి? ‘ఆవులు ఇంటికొచ్చే వేళ.’ భర్త పేరు? తల దించుకుంది. కౌన్సెలర్ మంచావిడే, కానీ మైదానం నుంచి కొత్తగా వచ్చారు. ‘వివరాలు చెప్పలేకపోతోంది’ అని రాసుకున్నారు. టీ తెచ్చిన ఆయా అది విని కింద చతికిలబడి, తమ భాషలో మాట కలిపింది. సంత బుధవారం కాబట్టి జరిగింది మంగళవారం. భర్త పేరు ఆయానే పలికింది, ఆమె తలూపింది. పావుగంటలో రోజు, వేళ, నడిచిన దారి అన్నీ కాగితం మీదికి వచ్చాయి. ఆయా పేరు మాత్రం ఆ ఫైల్లో ఎక్కడా లేదు.

విశాఖ మన్యంలోని వాకపల్లి మనందరికీ గుర్తుంది. 2007 ఆగస్టు 20న, మావోయిస్టుల వేటకు పెట్టిన గ్రేహౌండ్స్ దళం పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు తెగ ఆదివాసీ మహిళలు చెప్పారు. 2023 ఏప్రిల్‌లో విశాఖలోని ప్రత్యేక కోర్టు నిందితులను నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తు లోపాలను ఎత్తిచూపి, ఆ మహిళలకు పరిహారం ఇవ్వమని కూడా చెప్పింది. ఆ లోపాలన్నీ భాష వల్ల వచ్చినవని నేననను. కానీ ఒక ఆదివాసీ మహిళ తన గోడును పదిహేనేళ్లకు పైగా, తనది కాని భాషలో నడిచే వ్యవస్థ ముందు మోసుకు తిరగాల్సి రావడం తలచుకుంటే గుండె బరువెక్కుతుంది.

సంస్కృతి అంటూ మొదలుపెడితే కేసు మళ్లీ కులపెద్దల చేతికే పోతుందని, తప్పు కట్టించి మూయించేస్తారని కొందరు లాయర్ మిత్రుల భయం. భయం నిజమే. అందుకే ఆ ఊరి సంగతి తెలిసిన మనిషి కావాలంటున్నాను. రాజీకి రమ్మని ఏ మేనమామ ఏ పొద్దున వస్తాడో ఆ మనిషికి ముందే తెలుస్తుంది. బయటి నుంచి వచ్చిన అధికారికి తెలిసేసరికి బాధితురాలు మాట మార్చేసి ఉంటుంది.

సాక్ష్యం నిందితుడికి తెలియని భాషలో ఉంటే, అతనికి తెలిసిన భాషలో వివరించాలని మన చట్టం చెబుతోంది. చెప్పాల్సిందే. పిల్లలపై లైంగిక నేరాల కోసం తెచ్చిన పోక్సో చట్టం వాళ్ల వాంగ్మూలం కోసం ఫీజు ఇచ్చి మరీ అనువాదకుల సాయం తీసుకోవచ్చంది. పద్దెనిమిది దాటిన ఆదివాసీ మహిళకూ ఆ సాయం మొదటి ఫిర్యాదు నుంచి తీర్పు దాకా హక్కుగా దక్కాలి.

అసలు మన తెలుగువాళ్లం ఒకటి ఒప్పుకోవాలి. బ్యాంకులో తెలుగు ఫారం లేకపోతే మనకు కోపం వస్తుంది, హిందీ రుద్దుతున్నారంటే రోడ్డెక్కుతాం. న్యాయమే. కానీ కొండ మీద ఆ పెద్ద భాష మనదే. కువి, గోండి, సవర మాట్లాడేవాళ్లకు స్టేషన్, ఆస్పత్రి, కోర్టు అన్నీ తెలుగులోనే ఎదురవుతాయి. వాళ్లు తడబడితే తెలివి తక్కువ అనుకుంటాం.

మనుషులు దొరకరని మాత్రం అనొద్దు. ఉమ్మడి రాష్ట్రంలో 2004లోనే ఎనిమిది ఆదివాసీ భాషల్లో చదువు మొదలుపెట్టారు. అప్పుడు ఒకటో తరగతిలో కూర్చున్న ఆడపిల్లలకు ఇప్పుడు పాతికేళ్లు దాటాయి. పాడేరులో కువి, ఉట్నూరులో గోండి, భద్రాచలంలో కోయ, సీతంపేటలో సవర వచ్చిన అమ్మాయిలను ఐటీడీఏల (గిరిజనాభివృద్ధి సంస్థల) ద్వారా తీసుకుని, శిక్షణ ఇచ్చి, పర్మినెంట్ పోస్టులు వేయాలి. ముందు ఎవరిని తీసుకోవాలో తెలియకపోతే, ఆ ఆస్పత్రిలో టీ తెచ్చిన ఆయానే అడగండి.