మహారాజశ్రీ హీరో ఇమేజ్ గారికి

మహారాజశ్రీ హోమ్‌పేజీ హీరో ఇమేజ్ (సైటు మొదటి పేజీ నెత్తిన కొలువుదీరే పెద్ద బొమ్మ) గారి సమక్షానికి, సైటులో కంటికి కనబడే భాగాన్ని కట్టే ఫ్రంటెండ్ కార్మికులు నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరి రాక కోసం తెల్లతెరకేసి చూస్తూ కూర్చున్నాం. తమరింకా లోడవుతూనే ఉన్నారు.

తమరి కొలతలు 4000 ఇంటూ 3000 పిక్సెళ్లు, అంటే చుక్కలు. దర్శనానికొచ్చిన ఫోను తెర వెడల్పేమో 360 సీఎస్‌ఎస్ పిక్సెళ్లు (పేజీ రూపురేఖలు రాసే సీఎస్‌ఎస్ భాషలోని కొలత). డెన్సిటీ, అంటే ఒక్కో సీఎస్‌ఎస్ పిక్సెల్ వెడల్పులో పట్టే అసలు చుక్కలు, 3 అనుకున్నా 1080 చాలు, మిగతా వైభవమంతా బ్రౌజర్ కుదించి పారేసేదే. ఫైలును ఎంత పిండినా బరువు పూర్తిగా దిగదు. మెమరీలో మొత్తం విప్పితే పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున 4.8 కోట్ల బైట్లు!

అందుకే 480, 800, 1200, 1920 వెడల్పుల్లో తమరికి బట్టలు కుట్టించి, బ్రౌజర్ తనకు సరిపడేది ఎంచుకునే జాబితా ఎస్ఆర్‌సీసెట్‌లో సర్దుతున్నాం. తమరు పేజీలో ఎంత వెడల్పున ఉంటారో చెప్పే సైజెస్ రాయడం మరిచామంటే, సగం వెడల్పు గదిలో కూర్చునే తమరికి బ్రౌజర్ తెర మొత్తానికి సరిపడే బట్టలు తెప్పిస్తుంది. ఒకే బొమ్మను పలు ఫార్మాట్లలో ఇచ్చే పిక్చర్ ట్యాగులో ఏవిఫ్ ఫార్మాట్ పైన, వెబ్‌పీ ఫార్మాట్ దాని కింద. తలకిందులు చేస్తే ఏవిఫ్‌కి వంతే రాదు, ఎందుకంటే బ్రౌజర్ పైనుంచి చదువుతూ తనకు అర్థమైన మొదటిదాన్ని పట్టుకుపోతుంది.

ఇక అసలు గోడు. ఎవరో పుణ్యాత్ముడు సైటులోని బొమ్మలన్నిటికీ గంపగుత్తగా, కనబడబోయేదాకా తెప్పించొద్దనే లోడింగ్ లేజీ తగిలించాడు, తమరితో సహా. స్క్రోల్ చేస్తే తప్ప కనబడని బొమ్మలకు అది మందే. మొదటి తెరలో కొలువుదీరే తమరికి మాత్రం విషం: లేఅవుట్ తేలి, తమరు కంటపడతారని రూఢి అయ్యేదాకా బ్రౌజర్ కబురే పంపదు. ఎల్‌సీపీకి, అంటే మొదటి తెరలోని అతి పెద్ద భాగం కనబడటానికి, గూగుల్ ఇచ్చిన గడువు 2.5 సెకన్లు. లేజీ పీకేసి, తమరిని ముందుగా తెప్పించమనే ఫెచ్‌ప్రయారిటీ హై పెడుతున్నాం. సీఎస్‌ఎస్ బ్యాక్‌గ్రౌండ్‌లో దాక్కునే అలవాటు కూడా మానండి. పేజీ కోడైన హెచ్‌టీఎమ్‌ఎల్‌ను ముందుగా తడిమి కావాల్సిన ఫైళ్లు వెతికే బ్రౌజర్ ప్రీలోడ్ స్కానర్‌కు తమరక్కడ కనబడరు.

పోనీ, వచ్చేటప్పుడైనా పద్ధతిగా వస్తారా? విడ్త్, హైట్ రాయకపోతే తమరి చోటు సున్నా. చదివేవాడు తమరి చోటు కిందున్న ‘రద్దు చేయండి’ బటన్ మీదికి వేలు తెస్తాడు. సరిగ్గా అప్పుడే తమరు ఊడిపడతారు. ఆ బటన్ 270 పిక్సెళ్లు కిందికి జారి, దానికి పైనున్న ‘చెల్లించండి’ కూడా జారి వేలికిందికొస్తుంది. విడ్త్ 1200, హైట్ 900 అని ట్యాగులో రాస్తే బ్రౌజర్ నిష్పత్తి లెక్కగట్టి ముందే జాగా ఉంచుతుంది. సీఎస్‌ఎస్‌లో వెడల్పు 100 శాతంతోపాటు హైట్ ఆటో కూడా ఉండాలి, లేదంటే 360 వెడల్పు, 900 ఎత్తుతో తమరి ముఖం సొరకాయలా సాగుతుంది.

తమరి మీద తెల్లక్షరాలు రాయించుకుంటే మబ్బులున్న చోట చదవడం కుదరదు. మామూలు సైజు అక్షరాలకు కాంట్రాస్ట్ (అక్షరాలకూ వెనకున్న రంగుకూ మధ్య వెలుగు తేడా) కనీసం 4.5కి 1 ఉండాలి, కాబట్టి మధ్యలో నల్లటి పలచని పొర కప్పుకోండి.

ఇట్లు,
తమరి బరువు మోసేవాళ్లం

తా.క.: తమరికి ఆల్ట్, అంటే బొమ్మను మాటల్లో చెప్పే వివరణ, లేదు. అలాంటప్పుడు కొన్ని స్క్రీన్ రీడర్లు (చూపులేనివారికి పేజీ చదివిపెట్టే సాఫ్ట్‌వేర్లు) ఫైలు పేరే చదివి వినిపిస్తాయి. ప్రస్తుతానికి తమరి బిరుదు ‘బ్యానర్ ఫైనల్ ఫైనల్ 2 డాట్ జేపీజీ’.