పడవను నీళ్లలో దించడం నేరం

చట్టసభలు అవసరమైనవాటికీ అక్కర్లేనివాటికీ చట్టాలు చేస్తూనే ఉంటాయి. ఇంట్లో చెక్క పడవ చేసుకునేవాడి గోడు మాత్రం ఇంతవరకూ ఎవరూ పట్టించుకోలేదు. మూడేళ్లుగా షెడ్డులో 17 అడుగుల కయాక్ (పైన మూసి, మధ్యలో కూర్చునేంత ఖాళీ మాత్రం ఉండే సన్నటి పడవ) ఒకటి చేస్తున్నవాడిగా ఆ లోటు తీర్చే బాధ్యత నేనే నెత్తికెత్తుకుంటున్నాను. నా డిమాండు ఒకటే. సొంత చేతులతో చేసిన చెక్క పడవను నీళ్లలో దించడాన్ని నేరంగా ప్రకటించాలి. మొదటిసారైతే హెచ్చరించి వదిలేయవచ్చు. రెండోసారి పట్టుబడితే, అతికించిన చెక్కల్ని బిగించి పట్టే క్లాంపులన్నీ జప్తు చేయాలి.

ఇది కోపంలో అంటున్న మాట కాదు. ఉప్పుకాగితం రుద్దుతూ వందల గంటలు ఆలోచించి అంటున్న మాట.

ముందు పడవ తేలికదనం సంగతి చూద్దాం. పడవలు చేసేవాళ్లు నలుగురు కలిస్తే "ఎలా నడుస్తోంది" అని ఎవరూ అడగరు. "ఎన్ని కిలోలొచ్చింది" అంటారు. ఈ తేలికతో నీళ్లకేం పనో నాకు ఒక్కరూ చెప్పలేకపోయారు. తేలే వస్తువు ఏదైనా తన బరువుకు సమానమైన నీటిని పక్కకు నెడుతుందని ఆర్కిమెడిస్ ఎప్పుడో తేల్చేశాడు. 80 కిలోల మనిషి ఎక్కి కూర్చున్నాక, నా కయాక్ 18 కిలోలున్నా 28 కిలోలున్నా మునిగే లోతులో తేడా అర సెంటీమీటరుకు కాస్త అటూ ఇటూ. చేపలు కూడా గమనించవు. అదే 10 కిలోల తేడా, పడవను కారు మీదికి ఎత్తేటప్పుడు నడుముకు బాగా తెలుస్తుంది. అంటే తేలికదనం నేల మీద అక్కరకొచ్చే గుణం. దానికోసం ఇంత కష్టపడి, చివరికి పడవను తీసుకెళ్లి నీళ్లపాలు చేయడం ఏం న్యాయం?

చరిత్ర కూడా నా వైపే ఉంది. 1883లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో జె. హెన్రీ రష్టన్ అనే పడవల మేస్త్రి సీడార్ అనే తేలికపాటి చెక్కతో 9 అడుగుల కనూ, అంటే పైన మూత లేని సన్నటి పడవ, ఒకటి చేశాడు. దాని పేరు సైరీ గ్యాంప్. బరువు పదిన్నర పౌండ్లు, అంటే 5 కిలోల లోపే. చేయించుకున్నది నెస్‌మక్ అనే కలం పేరుతో రాసే జార్జ్ వాషింగ్టన్ సియర్స్. బక్కపలచటి మనిషి, అరవై దాటినవాడు, పైగా క్షయ రోగి. అడిరాండాక్ కొండల్లో ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకు పడవను మోసుకుని నడవాలి. ఆ మోతకు భయపడే ఆయన అంత తేలిక పడవ చేయించుకున్నాడు. చూశారా, నీళ్ల కోసం కాదు! అయినా మనిషి బలహీనుడు, దాన్ని నీళ్లలో దించి 266 మైళ్లు తిరిగాడు. ఆ ఒక్క పొరపాటు పక్కన పెడితే సైరీ గ్యాంప్ జీవితం ఆదర్శప్రాయం. తర్వాత మ్యూజియం సొత్తయి, చుక్క నీళ్లు తగలకుండా నిక్షేపంగా ఉంది.

ఆ పదిన్నర పౌండ్ల కథ విన్న దగ్గర్నుంచి జనానికి గ్రాముల పిచ్చి పట్టుకుంది. నాకు తెలిసిన ఒకాయన, కాళ్లు ఆనించుకునే చెక్కకు పదకొండు బెజ్జాలు వేసి 40 గ్రాములు తగ్గించాడు. తూచడానికి వంటింటి త్రాసు ఎత్తుకొచ్చినందుకు ఇంట్లో జరిగిన గొడవ వేరే కథ. పని అయ్యాక అలసిపోయి చెంబెడు నీళ్లు గటగటా తాగాడు. చెంబెడంటే అర కిలో పైమాటే. ఆ లెక్క నేను చెప్పలేదు. స్నేహం ముఖ్యం.

తయారీ ఎలా ఉంటుందో తెలియనివాళ్లకు నా డిమాండు వింతగా ఉండవచ్చు, కాబట్టి చెబుతాను. నాది స్ట్రిప్ పద్ధతి. పడవను అడ్డంగా కోస్తే ఎలా ఉంటుందో ఆ ఆకారంలో ప్లైవుడ్ అచ్చులు కోసి, అడుగుకొకటి చొప్పున నిలబెట్టాలి. వాటి మీద 6 మిల్లీమీటర్ల మందం, 19 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న సీడార్ బద్దల్ని అంచుకు అంచు జిగురుతో అతికించుకుంటూ రావాలి. రాత్రికి నాలుగు బద్దలు పడితే గొప్ప. జిగురు ఆరేదాకా స్టేపుల్ పిన్నులు కొట్టాలి, ఆరాక కొట్టిన పిన్నులన్నీ పీకాలి. తర్వాత చిత్రిక పట్టడం. ఆపైన ఉప్పుకాగితం: ముందు గరుకైన 80 నంబరు, తర్వాత 120, చివరికి నున్నటి 220. కళ్లు మూసుకుని అరచేత్తో పడవ ఒళ్లు నిమిరితే కంటికి ఆనని ఎత్తుపల్లాలు వేళ్లకు తగులుతాయి. తగిలిందా, వైకుంఠపాళీలో పెద్ద పాము మింగినట్టే, మళ్లీ 80కి. వెస్టర్న్ రెడ్ సీడార్ పొడిలో ప్లికాటిక్ ఆమ్లం ఉంటుంది, దానివల్ల కొందరికి ఉబ్బసం వస్తుంది. అందుకని మాస్కు తప్పదు. అర్ధరాత్రి సొంత షెడ్డులోంచి మాస్కుతో బయటికి వచ్చి నేను ఎన్నిసార్లు దొంగననిపించుకున్నానో ఆ దేవుడికే తెలుసు.

ఇంతా అయ్యాక ఫైబర్‌గ్లాస్ గుడ్డ. తెల్లటి గుడ్డ పడవ నిండా కప్పి ముడతలు సరిచేస్తుంటే, చూడటానికి వచ్చినవాళ్లు ఎందుకో గొంతు తగ్గించి మాట్లాడతారు. రెండు ద్రవాలు కలిపి చేసే ఎపాక్సీ అనే జిగురు పోసి రబ్బరు పలకతో మెల్లగా లాగుతామా, లాగినంత మేరా గుడ్డ మాయమైపోతుంది. కింద ఎర్రటి చెక్క, అప్పుడే వానలో తడిసినట్టు, నరనరమూ కనిపిస్తూ మెరుస్తుంది. తడిసిన అందం కోసం పడవకు నీళ్లే అక్కర్లేదనడానికి ఇంతకన్నా రుజువు కావాలా?

ఆ అందం చూస్తూ నిలబడిపోతే చేతిలో కప్పు కాలుతుంది. ఎపాక్సీలోని ఆ రెండు ద్రవాలు, రెసిన్, హార్డెనర్ కలిస్తే వేడి పుడుతుంది. గుడ్డ మీద పల్చగా పరుచుకుంటే ఆ వేడి పోతుంది గానీ, కప్పులోనే ఉంచితే పోయే దారి లేక పొగలు కక్కి రాయవుతుంది. నా షెడ్డులో అలాంటి రాళ్లు ఏడున్నాయి. ఒకదాంట్లో బ్రష్షు ఇంకా నిలబడే ఉంది. ఆ భయంతో కప్పు త్వరగా ఖాళీ చేద్దామని గుడ్డ మీద కాస్త ఎక్కువే కుమ్మరించాను. నేత నిండేంత పోస్తే చాలు, అంతకు మించిన ఎపాక్సీ బలమేమీ పెంచదు, బరువే పెంచుతుంది. 18 కిలోలనుకున్న పడవ 22 అయింది. ఎవరైనా అడిగితే త్రాసులో ఏదో తేడా ఉందంటున్నాను.

ఇక ఆఖరి ఘట్టం వార్నిష్. ఎండలోని అతినీల లోహిత కిరణాలకు ఎపాక్సీ పాడవుతుంది కాబట్టి దాని మీద వార్నిష్ పూతలు వేయాలి. ఎండలో పెడితే ఆ వార్నిషూ పోతుంది. గీత పడిన చోట నీళ్లు దిగితే చెక్క నల్లబడుతుంది. ఒడ్డున గులకరాయి తగిలితే గీత పడుతుంది. ఇన్ని తెలిసీ, ఎండా నీళ్లూ గులకరాళ్లూ ఒకేచోట దొరికే స్థలానికే పడవను తీసుకెళ్లేవాణ్ణి ఏమనాలి?

తొందర మనుషులకు కుట్టు పద్ధతి ఉంది. నీళ్లకు తట్టుకునే 4 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ ముక్కలు కోసి, అంచుల్లో బెజ్జాలు వేసి, రాగి తీగతో కుట్టి, అతుకుల్లో ఎపాక్సీ ముద్ద కూరడమే. 1963లో బ్రిటన్‌లో జాక్ హోల్ట్, టీవీలో ఇంటి మరమ్మతులు నేర్పే బారీ బక్నెల్ కలిసి ఇలా కుట్టుకునే మిర్రర్ అనే చిన్న తెరచాప పడవను జనంలోకి తెచ్చారు. 70,000కు పైగా తయారయ్యాయి. ఈ కళకు ఇంతకన్నా పెద్ద దెబ్బ తగల్లేదు. పూర్తి చేయడం అంత సులువైపోతే శనివారాలు ఏం చేసుకోవాలి?

ఇన్యూట్‌లకు మాత్రం చట్టంలో మినహాయింపు ఇస్తాను. ఉత్తర ధ్రువం దగ్గర, చెట్లు మొలవని చోట, సముద్రం ఒడ్డుకు కొట్టుకొచ్చిన కర్రలతో చట్రం కట్టి, సీల్ చర్మం తొడిగి, వేటకు వెళ్లినవాళ్లు వాళ్లు. కయాక్‌ను ఎక్కేవాడి ఒంటి కొలతలతోనే కట్టేవారు. వెడల్పుకు తుంటి కొలతా, పైన రెండు పిడికిళ్లూ అని ఒక లెక్క. నేనూ అలాగే కొలుచుకున్నాను, కాకపోతే మూడేళ్ల కిందట. ఈమధ్య నేల మీదే ఉంచి కూర్చుని చూశాను. లోపలికి వెళ్లడం కుదిరింది. లేచి నిలబడితే పడవ కూడా నాతోపాటే లేచింది. తేలిక పడవ కదా.

పడవంటే నీళ్లలో ఉండాల్సిందేనని వాదించేవాళ్లకు పెస్సె పడవ సంగతి చెప్పాలి. 1955లో నెదర్లాండ్స్‌లో రోడ్డు వేస్తుంటే బయటపడింది. దాదాపు 10,000 ఏళ్ల నాటిది. ఇప్పటిదాకా దొరికిన పడవల్లో అన్నింటికన్నా పాతది. మూడు మీటర్లకు రెండు సెంటీమీటర్లు తక్కువున్న పైన్ దుంగ, మధ్యలో తొలిచి ఉంది. అది పడవా, పశువుల తొట్టా అని పండితులు వాదించుకున్నారు. చివరికి 2001లో దానిలాంటిదే ఇంకోటి చేసి తెడ్డు వేసి చూస్తే బాగానే నడిచింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. నీళ్లలో దించింది నకలును. అసలుదాన్ని ఎవరూ ముట్టుకోలేదు. బుద్ధిమంతులు.

ఏరు దాటి తెప్ప తగలేసేవాణ్ణి లోకం తిడుతుంది. ఏరు జోలికే పోకుండా తెప్పకు ఏడో పూత వేస్తున్నవాణ్ణి చూసి నవ్వుతుంది. ఓడలు బళ్లవుతాయన్నారు కాబట్టి, పడవను కారు మీద కట్టుకుని నాలుగు వీధులు తిరిగి వచ్చేందుకు మాత్రం చట్టంలో వీలు కల్పించవచ్చు. చూసినవాళ్లు "ఎక్కడ నడిపొస్తున్నారు" అని అడిగితే అబద్ధం చెప్పే హక్కుతో సహా.

మొన్న మా బామ్మర్ది వచ్చాడు. షెడ్డులోకి తొంగిచూసి, "బావా, ఇంతకీ ఇది కారుతుందో లేదో తెలిసేదెప్పుడు?" అన్నాడు. నేను జవాబివ్వలేదు. ఆ రాత్రి కుండపోత వాన. షెడ్డు రేకు కారింది, సరిగ్గా కయాక్‌లో కూర్చునే చోటికి పైనే. పొద్దున చూస్తే లోపల జానెడు లోతు నీళ్లు. వంగి పడవ అడుగంతా చేత్తో తడిమాను. పొడిగా ఉంది. ఒక్క చుక్క బయటికి రాలేదు. లోపలి నీళ్లు బయటికి రాకపోతే బయటి నీళ్లు లోపలికెలా వస్తాయి? వెంటనే ఫోన్ చేసి పరీక్ష పాసయిందని చెప్పాను.

అవతల కాసేపు మాట లేదు. "నీళ్లలో పడవ పెట్టమంటే పడవలో నీళ్లు పెట్టావా బావా?" అన్నాడు.

మగ్గుతో తోడేశాను. లోపలి వార్నిష్ తెల్లబడి పొంగింది. 80 నంబరు కాగితం ఎక్కడ పెట్టానో కనపడటం లేదు.