సవరణ: ‘ఏడు తరాలు’లో వంశవృక్షం

నల్లగొండలో మా చదువరుల బృందానికి మొన్న పెట్టిన పోస్టులో, అమెరికా నల్లజాతి రచయిత అలెక్స్ హేలీ తన వంశం గురించి రాసిన ‘ఏడు తరాలు’ (ఇంగ్లీషులో ‘రూట్స్’)లోని ప్రతి తరమూ రికార్డులతో రుజువైందని రాశాను. అది తప్పు.

వర్జీనియాలో 1768 నాటి దస్తావేజులో ‘టోబీ’ అనే బానిస పేరు నిజంగానే ఉంది. ఆఫ్రికా నుంచి బానిసగా తెచ్చిన తన పూర్వీకుడు కుంటా కింటే అతనేనని హేలీ అనుకున్నాడు. కానీ ఆ పాత కాగితాలను తర్వాత తిరగేసిన వంశచరిత్ర పరిశోధకులకు, కుంటాను తెచ్చిందన్న ఓడ 1767లో ఒడ్డుకు చేరకముందే అక్కడ టోబీ కనిపించాడు. అంటే ఇద్దరూ ఒకరు కారు. గాంబియాలో హేలీకి తరాలు చెప్పిన పెద్దాయనదీ, మన పల్లెల్లో వంశావళులు చెప్పే వంశరాజులు చెప్పినట్టు, నోటిమాటే. హేలీ కూడా తన పుస్తకాన్ని వాస్తవం, కల్పన కలిసిన రచన అన్నాడు.

కాబట్టి నవలగానే చదవండి. తప్పకుండా చదవండి. సహవాసి తెలుగు అనువాదం మొదలుపెడితే ఆపలేరు.