కైన్ వారి కుర్చీకి ఒక బహిరంగ లేఖ

శ్రీయుత ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ కుర్చీ గారికి,
కైన్ సంస్థల కార్యాలయం, న్యూయార్క్.

నమస్కారములు. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టబోయి ఆగాను. మీరు క్షేమంగా ఉండడానికి ఊళ్ళో ఎందరు ఆడవాళ్ళు క్షేమంగా లేకుండా పోయారో గుర్తుకొచ్చి ఆ మాట కొట్టేశాను.

నిన్న రాత్రి ‘వైల్ ద సిటీ స్లీప్స్’ మరోసారి చూశాను. 1956లో ఫ్రిట్జ్ లాంగ్ తీసిన నలుపు తెలుపు సినిమా. తారాగణంలో డానా ఆండ్రూస్, ఐడా లుపినో, జార్జ్ శాండర్స్, విన్సెంట్ ప్రైస్ అంటూ పెద్ద పేర్లు వరసగా వచ్చాయి గానీ మీ పేరు ఎక్కడా లేదు. ఇది అన్యాయం. అంతమందినీ అంతసేపు పరుగులు పెట్టించింది మీరే కదా.

మీ పుట్టుక సంగతి చెప్పుకోవాలి. పత్రిక, వార్తాసంస్థ, ఫొటో విభాగం, టెలివిజన్ అన్నీ గుప్పిట్లో పెట్టుకున్న పెద్దాయన ఏమోస్ కైన్ మంచాన పడ్డారు. ఒంటరిగా ఉంటున్న యువతిని ఎవరో చంపి, గోడ మీద లిప్‌స్టిక్‌తో ‘అమ్మనడుగు’ అని రాసిపోయారన్న వార్త రాగానే ఆయనకు లేని ఓపిక వచ్చింది. హంతకుడికి ‘లిప్‌స్టిక్ కిల్లర్’ అని పేరు పెట్టమన్నారు, వార్తను ఎంత వీలైతే అంత పెద్దగా వేయమన్నారు. ఆ కాసేపటికే కన్నుమూశారు. వెళ్తూ వెళ్తూ బారసాల చేసి వెళ్ళారన్నమాట.

ఆస్తి కొడుకు వాల్టర్ చేతికొచ్చింది. తండ్రి ఏనాడూ లెక్కచేయని కొడుకు. పత్రికను ఎలా నడపాలో తెలియదు గానీ మనుషులను ఎలా ఆడించాలో పుట్టుకతోనే తెలుసు. అందుకే మిమ్మల్ని సృష్టించాడు. అంతకుముందు మీరు లేరు, మీరు లేరన్న లోటూ ఎవరికీ లేదు. పని తానే చేయాల్సిన అవసరం లేకుండా, పని తెలిసినవాళ్ళు తన ముందు చేతులు కట్టుకునేలా చేయడానికి ఒక పదవి కల్పించి, హంతకుడెవరో ముందుగా తేల్చి తెచ్చినవాడికే అది దక్కుతుందన్నాడు. హత్య కాస్తా ఉద్యోగానికి ప్రవేశ పరీక్ష అయిపోయింది. ప్రశ్నపత్రం రాసిన కుర్రవాడికి మాత్రం ఆ సంగతి చివరిదాకా తెలియదు, పాపం.

మీ కోసం బరిలోకి దిగినవారు ముగ్గురు. ‘సెంటినెల్’ పత్రిక సంపాదకుడు గ్రిఫిత్. వార్తాసంస్థ నడిపే లవింగ్. ఫొటో విభాగం చూసే క్రిట్జర్. ఈ మూడో ఆయన తెలివే తెలివి. హంతకుణ్ణి పట్టే శ్రమ ఎందుకని, నేరుగా యజమాని భార్యను పట్టాడు. మిగతా ఇద్దరూ ఒకే యజమాని జీతం తింటూ ఒకరి వార్తను ఒకరు తన్నుకుపోవాలని చూస్తారు. వాళ్ళ కార్యాలయంలో గోడలన్నీ అద్దాలే. ఎవరు ఎవరితో గుసగుసలాడుతున్నారో అందరికీ కనిపిస్తుంది, ఏమిటన్నది వినిపించదు. పక్క గదిలోని నవ్వు చూసి ఈ గదిలో కడుపు మండడానికి అంతకంటే అనువైన కట్టడం ఇంకోటి ఉండదు. ఆ తాపీమేస్త్రీ ఎవరో గానీ మీ మనిషే అయి ఉంటాడు.

శవాల మీద పేలాలు ఏరుకోవడమని మా భాషలో ఒక మాట ఉంది. అది మామూలుగా తిట్టు. మీ కార్యాలయంలో అయితే ఉద్యోగ వివరణ.

ఇదే లాంగ్ జర్మనీలో ఉండగా 1931లో ‘ఎం’ తీశాడు. అందులో పిల్లలను చంపేవాణ్ణి ఊరి దొంగలంతా ఏకమై వెతుకుతారు. వాడి వల్ల వీధికో పోలీసు నిలబడి తమ వ్యాపారం దెబ్బతిన్నదని వాళ్ళ బాధ. పాతికేళ్ళ తరువాత న్యూయార్క్‌లో కథ మళ్ళీ మొదలైంది. హంతకుడున్నాడు, వేట ఉంది, వేటాడేవాళ్ళు మాత్రం మారారు. ఈసారి వాళ్ళకు హంతకుడి వల్ల వ్యాపారం పెరుగుతుంది. నన్నడిగితే ఆ దొంగలే కాస్త నయం. పట్టుకున్నాక కనీసం ఒక విచారణ అయినా జరిపారు.

ఇదంతా కల్పన కదా అని మీరు కాలు మీద కాలు వేసుకునే వీలు కూడా లేదు. సినిమాకు ఆధారమైన ఛార్లెస్ ఐన్‌స్టైన్ నవల వెనుక షికాగోలో జరిగిన కేసు ఉంది. అక్కడా గోడ మీద లిప్‌స్టిక్ రాతే. 1946లో అరెస్టయిన విలియం హైరెన్స్‌కు అప్పటికి 17 ఏళ్ళు. పత్రికలు పోటీలు పడి రాశాయి. నేరం ఒప్పుకుని, తరువాత ఆ మాట వెనక్కి తీసుకుని, నేను చేయలేదంటూనే 2012లో ఖైదీగానే చనిపోయాడు. చేశాడో లేదో తేల్చడానికి నేనెవరిని? అచ్చులో మాత్రం ఎప్పుడో తేలిపోయింది.

మళ్ళీ మీ సినిమాకే వస్తాను. మొదట్లోనే ఒక చిన్న సంగతి ఉంది. మందుల దుకాణం నుంచి సరుకు తెచ్చిన కుర్రవాడు, అంటే హంతకుడే, ఆ ఇంటి అమ్మాయి చూపు మరలగానే, తలుపు అంచున ఉన్న మీటను వేలితో నొక్కుతాడు. ఇక తలుపు వేసినా తాళం పడదు. ఆ వేలిని కెమెరా మనకు చూపిస్తుంది, ఆమెకు చూపించదు. కొంతసేపటికి, కైన్ వారి టెలివిజన్‌లో వార్తలు చెప్పే కథానాయకుడు మోబ్లీ, ప్రియురాలు నాన్సీ ఇంటి నుంచి బయలుదేరుతూ, సరిగ్గా అదే పని చేస్తాడు. అదే మీట, అదే దొంగచాటుతనం. తిరిగొచ్చింది ముద్దు కోసం కాబట్టి మనం నవ్వుకుంటాం. నేనూ నవ్వాను, మొదటిసారి చూసినప్పుడు.

ఈ మోబ్లీకి మీరంటే మోజు లేదు. అంతకుముందు పెద్దాయన పగ్గాలు ఇస్తానన్నా వద్దన్నాడు. అందుకే ఆయన కథానాయకుడు. కానీ మిత్రుడు గ్రిఫిత్ గెలవాలని ఏం చేశాడో చూశారుగా. టెలివిజన్‌లో కూర్చుని హంతకుణ్ణి అమ్మచాటు పిల్లవాడని గిల్లాడు. తరువాత నాన్సీతో తన నిశ్చితార్థం కబురు పత్రికలో వేయించాడు, వాడు కసి తీర్చుకోవడానికి ఆమె దగ్గరికే వస్తాడని. ఆమె లవింగ్ దగ్గర కార్యదర్శి, గ్రిఫిత్ పత్రికకు ఎర. ఒకే జీతానికి రెండు కొలువులు. పోలీసు కాపలా ఉందంటారు, ఉంది. చివరికి ఆమెను కాపాడింది మాత్రం కాపలా కాదు, అలక. మోబ్లీ వేరే ఆమెను ముద్దు పెట్టుకున్నాడని తెలిసి కోపంతో ఉంది. హంతకుడు మోబ్లీలా నటిస్తూ తలుపు తట్టాడు. ఆమె తీయనంది.

వాడు ఎదురింటి మీద పడ్డాడు. అక్కడ క్రిట్జర్ కోసం ఎదురుచూస్తున్నది యజమాని భార్య. ఆమె ఎలాగో తప్పించుకుంది. హంతకుడు సొరంగ రైలు దారిలోకి పారిపోయి దొరికిపోయాడు. వాడు దొరికిన క్షణం నుంచి మీ కార్యాలయంలో అందరి ఆత్రం వార్త ఎవరి పేరున వెళ్తుందన్నదే. ఆ ఎదురింటి గదిలో ఆమె ఎందుకుందన్నది కూడా ఎవరో ఒకరికి పెట్టుబడే. మొదట చనిపోయిన అమ్మాయి ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మిమ్మల్ని ఇంతగా తిడుతున్నాను గానీ, నేనూ కొంతకాలం రాత్రి డెస్కు మీద పనిచేసినవాణ్ణే. ఒక రాత్రి ప్రమాద వార్త వచ్చింది. ‘ఎంతమంది?’ అని అడిగాను. ఫోనులో అవతలివాడు ఇద్దరన్నాడు. ‘ఇద్దరేనా? లోపలి పేజీకి పంపు’ అన్నాను. గంట తరువాత వాడే మళ్ళీ చేసి, అయిదుకు చేరిందన్నాడు, గొంతులో చిన్న హుషారుతో. మొదటి పేజీలో చోటు చేశాను. అప్పుడు నేను కూర్చున్నది చెయ్యి విరిగిన ప్లాస్టిక్ కుర్చీ. మీకు దూరపు చుట్టమే అయి ఉండాలి.

చివరికి మీ మీద గ్రిఫిత్ కూర్చున్నాడు. మోబ్లీకి మేనేజింగ్ ఎడిటర్ పదవి వచ్చింది, అంటే మీ తమ్ముడు. పెళ్ళి చేసుకుని నాన్సీతో ఫ్లోరిడా వెళ్ళినవాడికి ఆ కబురు పత్రిక చూస్తేనే తెలిసింది. ఇంతలో ఫోను మోగింది. మోబ్లీ తీయలేదు. టోపీ తీసి ఫోను మీద బోర్లించి భార్య వైపు తిరిగాడు. ఎన్నాళ్ళు బోర్లించి ఉంచాడో సినిమాలో లేదు.

ఇట్లు,
ప్రస్తుతానికి నిలబడే ఉన్న
ఒక మాజీ ఉపసంపాదకుడు

తా.క.: సినిమా అయ్యాక దీపం ఆర్పి పడుకున్నాను. కాసేపటికి లేచి వెళ్ళి తలుపు గడియ చూసి వచ్చాను. వేసే ఉంది.