కార్మికుడి నాలుగు పెన్నీలు న్యాయమేనా?

(1911 మే 4న బ్రిటన్ ఆర్థికమంత్రి డేవిడ్ లాయడ్ జార్జ్ కామన్స్ సభలో, జబ్బుపడ్డ కార్మికుణ్ని ఆదుకునే జాతీయ బీమా బిల్లు పెట్టాడు. మగ కార్మికుడి జీతంలోంచి వారానికి 4 పెన్నీల కోత. యజమాని 3, ప్రభుత్వం 2 కలపాలి. 12 పెన్నీలు ఒక షిల్లింగు. వాదమంతా ఆ కోత మీదే.)

ప్రతివాది: 1908లో ఇదే సర్కారు డెబ్బై ఏళ్ల పేదలకు వారానికి 5 షిల్లింగుల పింఛను పెట్టింది. చందా అడగలేదు. మరి జబ్బుపడ్డవాడి దగ్గర ఎందుకండీ వసూలు?

వాది: చందా అడగలేదు గానీ ఆరా తీసింది. ఏడాది ఆదాయం 31 పౌండ్ల 10 షిల్లింగులు దాటితే పింఛను లేదు. పని ఎగ్గొట్టే అలవాటుందని తేలినా లేదు. చందా కట్టినట్టు బీమా కార్డు మీద స్టాంపులు పడ్డవాడిని ఆ ప్రశ్నలు వేయడానికి వీల్లేదు: జబ్బు చేసిన నాలుగో రోజు నుంచి వారానికి 10 షిల్లింగులు, 26 వారాల దాకా. పైగా అంతా పన్నులతోనే నడపాలంటే ఎలా? 1909 బడ్జెట్లో భూస్వాముల మీద పన్ను వేయబోతే ప్రభువుల సభ 350–75 ఓట్లతో తిప్పికొట్టింది. అది చట్టం కావడానికి మధ్యలో ఒక ఎన్నికే జరగాల్సి వచ్చింది.

ప్రతివాది: ప్రశ్నలు లేవంటారేమిటి! డబ్బు పంచింది ప్రభుత్వ గుర్తింపు పొందిన బీమా సంఘాలు. రోగి నిజంగా మంచం మీద ఉన్నాడా లేదా అని ఇంటికి మనుషుల్ని పంపాయి. ఆరోగ్యం బాగాలేనివాణ్ని చేర్చుకోబోమనే హక్కూ వాటికి ఉంది. అలాంటివాడికి దిక్కు పోస్టాఫీసు ఖాతా. అందులో తన పేరున జమైనంతే వస్తుంది, అయిపోతే సున్నా. బీమా ఎవరికి ఎక్కువ అవసరమో వాడికే బీమా లేదన్నమాట.

వాది: పోస్టాఫీసు ఖాతా లోపమే, కాదనను.

ప్రతివాది: ఇంకోటి. వారానికి 18 షిల్లింగులు తెచ్చేవాడికీ 4 పెన్నీలే, 40 తెచ్చేవాడికీ 4 పెన్నీలే. లేబర్ ఎంపీలు ఫిలిప్ స్నోడెన్, జార్జ్ లాన్స్‌బరీ సభలో ఎదురు తిరిగింది ఈ చందా మీదే.

వాది: అడుగున మెట్లున్నాయి కదండీ. రోజుకు షిల్లింగున్నర లోపు కూలి అయితే కార్మికుడు ఏమీ కట్టక్కర్లేదు, యజమానే 6 పెన్నీలు కట్టాలి. వాళ్ల లేబర్ పార్టీ నాయకుడు మెక్‌డొనాల్డే బిల్లును బలపరిచాడు.

ప్రతివాది: ఊరికే బలపరిచాడా? ఆ ఏడాదే ఎంపీలకు 400 పౌండ్ల జీతం వచ్చింది! అది సరే, మెట్లు రోజుకు రెండున్నర షిల్లింగుల కూలి దగ్గర ఆగిపోయాయి. ఆపైన ఎవరైనా పూర్తి చందాయే. ఇంతా కట్టి, భార్యాపిల్లలకు డాక్టరు లేడు. మన ఈఎస్‌ఐ కార్డు మీద ఇంటిల్లిపాదికీ వైద్యం అందుతుంది. అక్కడ భార్యకు కాన్పు సమయంలో 30 షిల్లింగులు, అంతే. వితంతు పింఛను మొదటి ముసాయిదాలో ఉండేది. ఇంటింటికీ తిరిగి చావు బీమా అమ్మే కంపెనీలు గొడవ చేస్తే దాన్ని తీసేశారు.

వాది: తీసేయకపోతే బిల్లే పోయేది. ఆ ఏజెంట్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు, ఓటర్ల గుమ్మాల్లో వారం వారం కనబడేవాళ్లు. 1925లో వితంతు పింఛను వచ్చినప్పుడు చందా వసూలుకు కొత్త యంత్రాంగం పెట్టలేదు, ఈ స్టాంపు కార్డే పనికొచ్చింది.

ప్రతివాది: 14 ఏళ్ల తర్వాత. అదీ మళ్లీ కార్మికుడి చందాతోనే.