మహారాజశ్రీ బాల్ మిల్లు జార్ గారికి

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. గాలి చొరకుండా ఆర్గాన్ నింపిన మా పెట్టె, అదే గ్లవ్ బాక్స్‌లో, ఆక్సిజన్, తేమ 1 పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) దాటలేదు. తమరి మూత కింద గాలిని ఆపే రబ్బరు చుట్టు, ఓ-రింగు, ఆరోగ్యమే మాకు బెంగ.

స్టీలు బాల్స్‌తో పొడిని దంచి కలిపే తమరిని, హైడ్రోజన్ దాచే మిశ్రలోహం కోసం ఎందుకు ఆశ్రయించామో మనవి చేస్తాం. ఒంటి మెగ్నీషియం తన హైడ్రైడ్ (హైడ్రోజన్‌తో కలిసిన రూపం) బరువులో 7.6 శాతం హైడ్రోజన్ దాచుకుంటుంది, కానీ 300 డిగ్రీల దాకా కాలిస్తే గాని బాకీ తీర్చదు. నికెల్ తోడైతే 250 దగ్గరే తీరుస్తుంది. దాచేది మాత్రం 3.6 శాతమే. పోనీ రెంటినీ కరిగించి కలుపుదామా అంటే నికెల్ కరిగేది 1455 డిగ్రీలకు, మెగ్నీషియం 1090కే ఆవిరి. వరుడు పీటలెక్కేలోగా వధువు ఊరు దాటేస్తుంది. అందుకే కొట్టి కలపమని తమరి కాళ్లు పట్టుకున్నాం.

నైవేద్యంలో లోటు చేయలేదు. మెగ్నీషియం 2.27 గ్రాములు, నికెల్ 2.73 గ్రాములు, 10 మిల్లీమీటర్ల స్టీలు బాల్స్ 24, అంటే పొడికి సుమారు 20 రెట్ల బరువు. ప్రసాదం ఏదీ? మెగ్నీషియం మెత్తనిది, దెబ్బ పడితే పగలక సాగుతుంది. సాగినదంతా తమరి గోడకు మాడిన అట్టులా అంటుకుపోతుంది. అంటుకోకుండా 1 శాతం స్టియరిక్ ఆమ్లం (మైనం లాంటి కొవ్వు ఆమ్లం) వేస్తే కొంత వదులుతారు, దాని కార్బన్‌ను పొడిలోనే ఉంచేస్తారు. మెగ్నీషియం హైడ్రైడ్‌గా మారాక పెళుసు కనుక, తమరిలో హైడ్రోజన్ నింపి తిప్పితే ఈ బాధ తగ్గుతుంది. దానికి వాల్వున్న జార్ కావాలి, తమరికది లేదు.

400 ఆర్‌పీఎం మీద 15 నిమిషాలు తిరిగి 15 నిమిషాలు ఆగుతారు. వేడెక్కితే అంటుకోవడం ఇంకా పెరుగుతుంది కాబట్టి తప్పదు. అయితే పరిశోధన పేపర్లలో రాసే ‘20 గంటలు మిల్లింగ్’లో ఈ విశ్రాంతి కలిసిందో లేదో రాసినవాళ్లకే ఎరుక.

అన్నిటికంటే ఘనకార్యం తమరి ఒంటి ఇనుమును పొడిలో కలపడం. పొడిలో ఏమేమున్నాయో చూసే ఎక్స్‌రే పరీక్షలో ఇనుము గీత 44.7 డిగ్రీల కోణం దగ్గర, నికెల్ గీత 44.5 దగ్గర. మిల్లింగ్‌తో గీతలు వెడల్పయ్యాక, అక్కడున్నది కలవని నికెలో, తమరి దానమో ఎవరు తేలుస్తారు? బాల్స్‌ను ముందూ వెనకా తూచినవాడికి కొంత తెలుస్తుంది. తూచేదెవరు?

ఇక ఓ-రింగు కారితే మెగ్నీషియం మీద ఆక్సైడ్ తొడుగు పడుతుంది. హైడ్రోజన్ గుమ్మం బయటే నిలబడుతుంది. దాన్ని లోపలికి పిలవడానికి మళ్లీ 350 డిగ్రీల దగ్గర హైడ్రోజన్ ఎక్కించి దించే నాలుగైదు విడతల బతిమాలుడు.

ఇట్లు,
తమరి గోడలు గీకే గరిటెల సంఘం

తా.క.: చల్లారకుండా, ఆర్గాన్ బయట తమరి మూత తీయబోం. నిప్పంటుకుంటే నీళ్లు పోయకూడదు, హైడ్రోజన్ పుడుతుంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండరూ పనికిరాదు, అందులోనూ మెగ్నీషియం మండుతుంది. బాక్స్ పక్కన పొడి ఇసుక బకెట్ పెట్టాం. దయచేసి దాన్ని తమరికిచ్చిన గౌరవంగా భావించకండి.