మినిట్స్ పుస్తకం బయట పెట్టండి

విశ్వవిద్యాలయ పాలకమండలి సమావేశంలో ఓటు లేని మనిషి ఒకరు కూర్చుంటారు. ఆయనే రిజిస్ట్రార్. 2009 నాటి కేంద్రీయ విశ్వవిద్యాలయాల చట్టం ప్రకారం ఆయన మండలికి కార్యదర్శే గానీ సభ్యుడు కాదు. సమావేశానికి నోటీసు పంపాల్సింది, మినిట్స్, అంటే సమావేశంలో ఏం జరిగిందో తెలిపే రికార్డు, రాయించి భద్రపరచాల్సింది ఆయనే. వర్సిటీ అధికార ముద్ర ఆయన దగ్గరే ఉంటుంది. కోర్టు కేసు పడితే వర్సిటీ తరఫున సంతకం పెట్టేదీ ఆయనే. నిర్ణయం ఎవరు తీసుకున్నా, దానికి సాక్ష్యంగా నిలిచే కాగితం మాత్రం ఆయన బల్ల మీద నుంచే రావాలి.

ఆ కాగితం గురించే ఈ రోజు మాట్లాడుతున్నాం.

వర్సిటీ నిబంధనలు ఒకదాని మీద ఒకటి పేర్చిన మెట్లలాంటివి. అన్నిటికన్నా పైన పార్లమెంటో శాసనసభో చేసిన చట్టం ఉంటుంది. దాని కింద స్టాట్యూట్స్. ఏ అధికారిని ఎలా నియమించాలి, ఎవరి అధికారం ఎంతవరకు అన్నది వాటిలో ఉంటుంది. ఆ తర్వాత ఆర్డినెన్సులు. అడ్మిషన్లు, ఫీజులు, పరీక్షలు, హాస్టళ్ళు, క్రమశిక్షణ, అంటే విద్యార్థికి రోజూ తగిలేవన్నీ అక్కడే ఉంటాయి. కేంద్రీయ వర్సిటీల్లో పాలకమండలి ఒక స్టాట్యూట్ మార్చాలంటే విజిటర్ హోదాలో ఉన్న రాష్ట్రపతి ఆమోదం కావాలి. ఆ మార్పు చదువు వ్యవహారాలు చూసే అకడమిక్ కౌన్సిల్ లాంటి వేరే విభాగం అధికారాలను తాకేదైతే, ముందుగా వాళ్ళ అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకోవాలి. ఈ చివరి నిబంధన గురించి క్యాంపస్‌లో చాలామంది అధ్యాపకులకే తెలియదు. తెలిస్తే అడుగుతారు.

అధికారుల విధులు కూడా ఇంత స్పష్టంగానే ఉన్నాయి. మండలి పెట్టిన ఖర్చు పరిమితి దాటకుండా చూడటం ఫైనాన్స్ ఆఫీసర్ పని. అనుమతి లేని ఖర్చు కనిపిస్తే వైస్ ఛాన్సలర్ (వీసీ) దృష్టికి తీసుకెళ్ళడం ఆయన బాధ్యత, వీసీకి ఇష్టం ఉన్నా లేకపోయినా. వీసీకి అత్యవసర అధికారం ఉంది. తక్షణం చేయకపోతే కుదరదనుకుంటే మండలి అధికారాన్ని తానే వాడొచ్చు. కానీ ఏం చేశారో మండలికి తప్పక నివేదించాలి. మండలి ఒప్పుకోకపోతే విషయం విజిటర్ దగ్గరికి వెళ్తుంది. ఆ చర్య వల్ల నష్టపోయిన ఉద్యోగి మూడు నెలల్లోగా మండలికి మొరపెట్టుకోవచ్చు. చట్టం రాసినవాళ్ళు మనుషుల బలహీనత తెలిసే రాశారు.

ఆచరణలో జరిగేది వేరు. సభ్యులు వచ్చి కూర్చున్నాక, టీ కప్పుల పక్కన పెట్టే కాగితాల కట్టను టేబుల్ ఎజెండా అంటారు. అందులో ఓ ప్రమోషన్, ఓ సస్పెన్షన్, ఓ బిల్డింగ్ టెండరు, ఇప్పటికే అమలైపోయిన రెండు మూడు వీసీ ఉత్తర్వులు. చదివే టైమ్ ఉండదు. ర్యాటిఫైడ్, అంటే ఆమోదించాం, అని రాసుకుని అందరూ భోజనానికి లేస్తారు. ఒక వర్సిటీలో మా విలేకరి మినిట్స్ కోసం వెళ్తే ఇంకా కన్ఫర్మ్ కాలేదన్నారు. తర్వాతి సమావేశం అయ్యాక మళ్ళీ వెళ్తే ఫైలు వీసీ పేషీలో ఉందన్నారు. ఇప్పటికీ ఆ మినిట్స్ మా చేతికి రాలేదు.

తెలుగు రాష్ట్రాల వర్సిటీల్లో పరిస్థితి ఇంకా నాజూకు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో మొదలైనప్పుడు సెనేట్, సిండికేట్ అనే పాలక సంస్థలు ఉండేవి. సెనేట్‌కు పట్టభద్రులు ఓటేసి తమ ప్రతినిధులను పంపేవారు. 1991 నాటి ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల చట్టంతో ఆ పద్ధతి పోయి ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ (ఈసీ), అంటే పాలకమండలి, వచ్చింది. సభ్యుల్లో ఎక్కువమందిని ప్రభుత్వమే నామినేట్ చేస్తుంది. ఉన్నత విద్య, ఆర్థిక శాఖల ఉన్నతాధికారులు హోదా రీత్యా ఉంటారు. అదే చట్టం ప్రకారం, కొత్త వీసీ పేర్లు వెతికే ముగ్గురు సభ్యుల కమిటీలో ఒకరు ఈసీ ప్రతినిధి. మరి ఈసీయే లేకపోతే ఆ ప్రతినిధిని ఎవరు పంపాలి? వీసీ లేకపోతే ఈసీని ఎవరు నడపాలి? ఈ ముడి చాలాసార్లు పడింది. తెలంగాణలో 2019 నుంచి 2021 మే దాకా చాలా వర్సిటీలకు పూర్తికాలపు వీసీలు లేరు. 2024 మేలో పది వర్సిటీల వీసీల గడువు ఒకేసారి ముగిస్తే అక్టోబరులో కొత్త నియామకాలు మొదలయ్యే దాకా ఐఏఎస్ అధికారులే ఇన్‌ఛార్జులుగా ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో ప్రభుత్వం మారాక చాలామంది వీసీలు రాజీనామా చేశారు. 2025 ఫిబ్రవరిలో గానీ కొత్తవారి నియామకాలు మొదలు కాలేదు. ఒక శాఖను నడుపుతూ మరో పక్క వర్సిటీ ఫైళ్ళు చూసే అధికారి ఎంత సమర్థుడైనా, పరీక్షల క్యాలెండర్ మీదో హాస్టల్ మెస్ మీదో మనసు పెట్టడానికి ఆయనకు రోజు చాలదు. కింది ఉద్యోగులు కూడా పెద్ద నిర్ణయమేదైనా రెగ్యులర్ వీసీ వచ్చాక చూద్దాం అంటారు. ఈలోగా పీహెచ్‌డీ సమర్పించిన విద్యార్థి వైవా తేదీ కోసం టెన్షన్ పడుతూ సెక్షన్ చుట్టూ తిరుగుతాడు.

పట్టభద్రుల ఓటు మళ్ళీ తెమ్మని మేము అనడం లేదు. పాత సెనేట్లలో రాజకీయాలు తక్కువేం కావు. కానీ ఎన్నికైన సభ్యుడు లేని చోట లోపల ఏం జరిగిందో తెలిపేది మినిట్స్ ఒక్కటే. వాటిని చూపించమని చట్టం ఎప్పుడో చెప్పింది. 2005 నాటి సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థా తన అధికారుల అధికారాలు, విధులు, పాటించే నిబంధనలు ఎవరూ అడగకముందే ప్రకటించాలి. మండళ్ళు, కౌన్సిళ్ళ సమావేశాల మినిట్స్ ప్రజలకు అందుబాటులో ఉంటాయో లేదో కూడా చెప్పాలి. గడువు 120 రోజులు. ఇరవై ఏళ్ళు దాటినా ఎన్నో వర్సిటీ వెబ్‌సైట్లలో ఆ పేజీ తెరిస్తే ఎప్పుడో రిటైరైన అధికారి పేరు కనిపిస్తుంది.

రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్ళు చేయాల్సిన పని పెద్దదేం కాదు. ఈసీ ఎజెండా సభ్యులకు కనీసం వారం ముందు చేరాలి. టేబుల్ ఎజెండాలో పెట్టిన ప్రతి అంశానికి అంత అత్యవసరం ఎందుకో కారణం రాయాలి. వీసీ అత్యవసర అధికారం వాడిన సందర్భాలను మినిట్స్‌లో విడిగా చూపించాలి. కన్ఫర్మ్ అయిన పదిహేను రోజుల్లో మినిట్స్ వెబ్‌సైట్‌లో ఉండాలి, ఉద్యోగుల వ్యక్తిగత వివరాలు మినహాయించి. వీసీ గడువు ముగియడానికి ఆరు నెలల ముందే సెర్చ్ కమిటీ కూర్చోవాలి. ఇందులో ఏ ఒక్కదానికీ కొత్త చట్టం అక్కర్లేదు. వచ్చే ఈసీ సమావేశానికి నోటీసు పంపేటప్పుడే రిజిస్ట్రార్లు దీన్ని మొదలుపెట్టవచ్చు.